వెనక సీటు కడిగిన నీళ్ళు

మా కారులో వాసన ఉందని మాకు తెలియదు. పరాయివాడు చెబితే తెలిసింది.

గన్నవరంలో విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక ఆఫీసు వాళ్ళు, వచ్చే పోయే అతిథుల కోసం నెలవారీ పద్ధతిలో కారు పెట్టుకుంటామన్నారు. మా అల్లుడు తన కారు చూపించడానికి మైలవరం నుంచి పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి చెప్పులు విడవకుండా అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు పక్కన పెట్టాడు, తాగలేదు. మా అల్లుడు నాకు ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి కాడు. ఏం చెప్పినా గుమ్మానికో గడియారానికో చెప్తాడు. ఆ రోజు గుమ్మానికి చెప్పాడు.

"మేనేజరు వెనక డోరు తీశాడండి. ఒక కాలు లోపల పెట్టి మళ్ళీ తీసేసుకున్నాడు. ఈ బండిలో పేషెంట్లని తిప్పుతారా అనడిగాడు."

"మీరేమన్నారు?"

"లేదన్నానండి."

అది అబద్ధం కాదు. ఇప్పుడు తిప్పడం లేదు.

ఆ మేనేజరు మర్యాదస్తుడే. బండి బాగుంది, మీరూ నిదానంగా నడుపుతున్నారు, కానీ ఈ వాసనతో మా వాళ్ళు కూర్చోరండీ, శుభ్రం చేయించుకుని వచ్చే నెల మొదట్లో తీసుకురండి, అప్పుడు చూద్దాం అన్నాడట. ఆ పని కుదిరితే విజయవాడ హాస్టల్లో ఉన్న నా మనవరాలి చదువు ఆగకుండా సాగుతుంది. కుదరకపోతే కారు అమ్మేసి అల్లుడు ఎవరి లారీ మీదకో డ్రైవరుగా పోవాలి. రాత్రిళ్ళు ఎక్కడో ఉంటాడు. ఆ పిల్ల ఇంటికొస్తే తల్లీ ఉండదు, తండ్రీ ఉండడు.

నేను లేచి వెళ్ళి కారు వెనక తలుపు తీశాను. తల లోపల పెట్టి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. మా కారు మా కారులాగే ఉంది. అల్లుడు అవతలి తలుపు తీసి తనూ పీల్చాడు.

"మీకేమన్నా తెలుస్తోందా బాబూ?"

"లేదండి. మీకు?"

"నాకూ లేదు."

పక్కింటి కోడలిని కేకేశాను. ఆ అమ్మాయి వచ్చి తల వంచి చూసి, చప్పున వెనక్కి జరిగి, "అబ్బే, ఏం లేదండీ పిన్నిగారూ" అంది. అంటున్నంతసేపూ చున్నీ ముక్కు మీదే ఉంది. ఆ చున్నీ చూసి నమ్మాను.

నా కూతురికి రెండు కిడ్నీలూ పోయాయి. మా పక్క ఊళ్ళల్లో అది కొత్త జబ్బు కాదు. నీళ్ళ వల్ల అంటారు, ఇంకోటంటారు. రోజు విడిచి రోజు విజయవాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. మా ఆయన పోయి ఒక్కదాన్నే ఉంటున్నాను గనక ఇల్లు తాళం పెట్టి వీళ్ళింటికి వచ్చాను. ఉప్పు లేని కూర వండడం, గుక్కెడు నీళ్ళు కొలిచి ఇవ్వడం నా పని. కారు నడపడం అల్లుడి పని. బయటి కిరాయిలన్నీ మానుకున్నాడు.

నా కూతురు వెనక సీటులో కుడి పక్క మూలకి తల వాల్చి కూర్చునేది. నేను ఎడం పక్క. పోయేటప్పుడు ఒళ్ళంతా వాపు, వచ్చేటప్పుడు వాంతులు. చేతిలో ఎప్పుడూ నిమ్మకాయ. గోరుతో గిచ్చి వాసన చూసుకునేది. నేను తువ్వాళ్ళు పరిచేదాన్ని, గిన్నె పట్టేదాన్ని, అయినా కొంత సీటు మీద పడేది. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచేదాన్ని. పైపైన తుడిస్తే ఏం పోతుంది, లోపల స్పాంజి అంతా తాగేసింది.

కళ్ళు మూసుకునే అడిగేది, "అమ్మా, పొగగొట్టాలు వచ్చాయా?" అని. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ పొగగొట్టాలు కనపడితే సగం దారి దాటినట్టు. రాకపోయినా వచ్చాయనేదాన్ని.

ఆఖరి రోజున పొగగొట్టాలు నిజంగానే దాటాం. అది అడగలేదు. మెల్లిగా మూలలోంచి జారి నా ఒళ్ళోకి ఒరిగింది. గొల్లపూడి రాకముందే నాకు తెలిసిపోయింది. అల్లుడికి చెప్పలేదు. రోడ్డు నిండా లారీలు. చెబితే చేతులు వణుకుతాయి. "పడుకుందా అత్తయ్యగారూ?" అన్నాడు అద్దంలోంచి. "పడుకుంది, మీరు ముందు చూసి నడపండి" అన్నాను.

పెద్దకర్మ అయ్యాక దాని పరుపూ దుప్పటీ దిండూ కాలవలో వదిలాం. పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉండకూడదు, అది మా ఆచారం. చీరలు చాకలామెకి ఇచ్చాం. ఇంక ఇంట్లో దానిదంటూ ఏమీ లేదనుకున్నాం. కానీ దాని అసలు పడక కారులో సీటు. దాన్ని ఏ కాలవలో వదులుతాం? కారు అమ్మెయ్యమని మా పెద్దబావగారు ఒక మాట అన్నారు. కూడు పెట్టేది అదేనండి అంటే ఊరుకున్నారు.

మేనేజరు వాసన మాట అన్న మర్నాడు అల్లుడూ నేనూ భవానీపురంలో కార్లు కడిగే షాపుకి వెళ్ళాం. వాళ్ళు అడిగిన డబ్బు వింటే అది సీటు కడగడానికా, కొత్త సీటు కుట్టడానికా అనిపించింది. నాకు ఒళ్ళు మండింది. అయినా వెంటనే తిరిగి రాలేదు. అక్కడ వేరే కారు సీటు కడుగుతున్నారు, దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఒక గొట్టంలోంచి సబ్బునీళ్ళు సన్నగా చిమ్ముతాయి. వెంటనే ఇంకో గొట్టం ఆ నీళ్ళని మురికితో సహా పీల్చేస్తుంది. పీల్చిన నీళ్ళు డబ్బాలో పడతాయి. అంతే.

"మామ్మగారూ, అంతసేపు చూస్తున్నారు, మిషను కొంటారా ఏంటి?" అన్నాడు కడిగేవాడు నవ్వుతూ.

"చూసినందుక్కూడా బిల్లు వేస్తావా?"

"అబ్బే, చూపు ఫ్రీ."

"అయితే నీ పని నువ్వు చేసుకో."

కారెక్కాక అల్లుడితో అన్నాను. "నీళ్ళు చల్లడం, పీల్చడం. ఇంతే కదా బాబూ. మనింట్లో దుమ్ము పీల్చే మిషను ఉందిగా."

ఆ మిషను నా కూతురి గదిలో దుమ్ముండకూడదని డాక్టరు చెబితే కొన్నది. కూతురు పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"అది నీళ్ళు పీలిస్తే కాలిపోతుందండి."

"నీళ్ళు దాని దాకా పోకుండా మధ్యలో డబ్బా పెట్టండి. ఆ షాపులో డబ్బా ఎందుకు పెట్టారు మరి?"

అల్లుడు పెద్దగా మాట్లాడడు గానీ చేతిపని తెలిసినవాడు. ఫోనులో అలాంటివి చేసేవాళ్ళ వీడియోలు చూశాడు. ఖాళీ పెయింటు బకెట్టు మూతకి రెండు బెజ్జాలు పెట్టాడు. ఒక బెజ్జంలో మిషను గొట్టం, ఇంకో బెజ్జంలో సీటు మీదికి పోయే గొట్టం. పాత వాషింగ్ మెషిన్ పైపు దానికి సరిపోయింది. గాలి పోకుండా అంచుల్లో సైకిలు ట్యూబు ముక్కలు కోసి బిగించాడు. సీటుని పట్టే మూతికి ప్లాస్టిక్కు పైపు ముక్క తీసుకుని, గ్యాసు పొయ్యి మీద మెత్తబడేదాకా తిప్పి, అప్పడాల పీట కింద పెట్టి నొక్కమన్నాడు. నేను పీట మీద కూర్చున్నాను. లేచేసరికి పైపు మూతి చేప నోరులా సన్నగా అయింది.

"బాగానే కుదిరిందండి."

"నా బరువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది" అన్నాను. అల్లుడు నవ్వబోయి మానేశాడు. మా ఇంట్లో నవ్వు అప్పటికి ఇంకా మైలలోనే ఉంది.

స్విచ్చి వేశాం. పెయింటు బకెట్టు ఒక్క ఉదుటున డొక్కలు లోపలికి పీక్కుపోయి ముడుచుకుపోయింది. పీల్పుకి ఆగలేదు. అల్లుడు దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను వెనక కొట్టు గదిలోకి వెళ్ళి నా పాల క్యాను తెచ్చాను. గేదెలున్న రోజుల్లో పాలకేంద్రానికి పోసిన అల్యూమినియం క్యాను. అవి అమ్మేసినా క్యాను అమ్మలేదు, ఇక్కడికొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాను. పనికొచ్చే వస్తువుని పారెయ్యడం నాకు రాదు.

"దీని మూతకి బెజ్జం పెడితే మళ్ళీ పాలకి పనికిరాదండి అత్తయ్యగారూ."

"పాలెక్కడున్నాయి? పెట్టండి."

క్యాను ముడుచుకోలేదు. నీళ్ళు చల్లడానికి మొక్కలకి కొట్టే పిచికారీ డబ్బా ఉంది. ఇంక సబ్బు కావాలి. షాపులో అమ్మే సీసా మందు పేరు రాసుకొచ్చాడు అల్లుడు. ఇంట్లో డబ్బాడు కుంకుడుకాయలుండగా మందెందుకు అన్నాను. పట్టుచీర ఉతికినా, వెండి తోమినా, తల రుద్దుకున్నా మాకు కుంకుడుకాయే. దాన్ని మించింది లేదని నా నమ్మకం. కాయలు కొట్టి, వేణ్ణీళ్ళలో నానేసి, చిక్కగా పిసికి, వడగట్టి పిచికారీ డబ్బాలో పోశాను.

మొదట ముందు సీటు మీద పెట్టి చూశాం. సీటు బాగానే తడిసింది, గొట్టం బాగానే పీల్చింది. కాసేపటికి క్యానులోంచి గురగురమని చప్పుడు వచ్చింది. వెనక్కి చూస్తే మిషను తోక వైపు నుంచి తెల్లటి నురగ పొంగి వాకిట్లో పడుతోంది. కుంకుడు నురగ క్యానంతా నిండి, పై గొట్టంలోంచి మిషనులోకి ఎక్కేసింది. అల్లుడు పరుగెత్తి స్విచ్చి కట్టేశాడు. మిషను ఒకసారి దగ్గినట్టు చేసి ఆగిపోయింది.

"నేను చెప్పానండి" అన్నాడు గుమ్మంతో.

"ఏం చెప్పారు? కుంకుడు వద్దన్నారా?"

"లేదండి. మందు కొందామన్నాను."

మిషనుని విప్పి డాబా మీద ఎండలో ఆరబెట్టాం. ఆవకాయ ముక్కలకి కాపలా కాసినట్టు దానికి కాపలా కాశాను. అది బతకకపోతే నెల మొదటికి సీట్లు తయారు కావు. నాకు ఆ దిగులుతో అన్నం సయించలేదు. అన్నం వండుతుంటేనే అసలు సంగతి గుర్తొచ్చింది. గంజి పొంగకుండా గిన్నె అంచుకి నూనె రాస్తాం. బెల్లం పాకం పొంగినా చుక్క నూనే వేస్తాం. నురగ ఎక్కడైనా నురగే కదా.

మిషను ఎండి మళ్ళీ తిరిగింది. క్యాను మెడ చుట్టూ లోపల వంటనూనె పూశాను. కుంకుడు రసం పలచన చేశాను. సగానికి మించకుండా క్యాను వంపేస్తూ ఉండమన్నాను. ఈసారి నురగ మెడ దాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది.

ముందు సీట్లు, కింద పరిచిన కార్పెట్టు, తలుపుల లోపలి గుడ్డ, అన్నీ అల్లుడే కడిగాడు. టీ రంగు నీళ్ళు వచ్చాయి. అవి వీధి కాలవలో పారబోశాడు. దుమ్ము, దానిదేముంది. వెనక సీటు ఎడం పక్క, నేను కూర్చునే చోటు, అదీ కడిగాడు. తర్వాత గొట్టం పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు.

"ఏం బాబూ?"

"కుడి పక్క అంత మురికిగా లేదండి. వదిలేద్దాం."

"అక్కడే కదా ఉండేది."

"పైన కవరు వేస్తే కనపడదండి."

"కనపడేదాని గురించా మనం చేస్తోంది?"

అల్లుడు గొట్టం నాకివ్వనూ లేదు, సీటు మీద పెట్టనూ లేదు. నేనే తీసుకున్నాను. ఆ మూల తల ఆనిన చోట సీటు గుడ్డ నల్లగా, నున్నగా అరిగి ఉంది. కొబ్బరినూనె మరక. కుంకుడు నీళ్ళు చల్లి, బ్రష్షుతో రుద్ది, గొట్టం మూతి ఆనించి కిందికి లాగాను. గొట్టం అల్యూమినియం క్యానులో పోసే నీళ్ళ చప్పుడు నాకు పాలు పోసిన చప్పుడులాగే వినిపించింది. ఇంకోసారి లాగాను. ఇంకోసారి.

గొట్టం పట్టేసింది. పీల్చడం లేదు. అల్లుడు మూతి తీసి పుల్లతో కెలికాడు. తడి జుట్టు వచ్చింది, ఉండలాగా. మందులకి దాని జుట్టు దువ్వెన పెడితే చాలు రాలేది. సీటు సందుల్లోకి పోయింది కాబోలు. అల్లుడు దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. నేను కొంగు పట్టాను. అందులో వేశాడు. ముడి వేసుకుని పని మొదలెట్టాను.

క్యాను సగం నిండింది. అల్లుడు మోసుకుని వీధి కాలవ వైపు వెళ్తుంటే, "ఆగండి" అన్నాను.

ఆగాడు.

"అక్కడ కాదు. తొక్కని చోట పొయ్యండి."

పెరట్లో ప్రహరీ మూల, కొబ్బరి చెట్టు వెనక, ఎవరూ నడవని చోటు ఉంది. కర్మ రోజున వాడిన నీళ్ళు కూడా అక్కడే పోశాం. అల్లుడు నా వైపు చూశాడు. గుమ్మం వైపు కాదు, నా వైపే. ఆ నీళ్ళు కషాయంలా ఉన్నాయి. మెల్లిగా, చిందకుండా పోశాడు.

ఆ మూల కడగడం సాయంత్రం దాకా పట్టింది. నల్లటి నీళ్ళు ఎర్రబడ్డాయి, ఎర్రటివి పచ్చబడ్డాయి. చివరికి మామూలు నీళ్ళే పోసి మామూలు నీళ్ళే వెనక్కి వచ్చేదాకా లాగాను. అల్లుడు ప్రతి క్యానూ అక్కడికే మోశాడు.

మేనేజరు ఈసారి వెనక సీటులో పూర్తిగా కూర్చున్నాడట. తలుపు కూడా వేసుకున్నాడట. "కొత్త బండిలా చేయించారే, ఎక్కడ చేయించారు?" అన్నాడట. సోమవారం నుంచి రమ్మన్నాడు. అల్లుడు ఆ మాట ఇంటికొచ్చి గడియారానికి చెప్పాడు. ఆ రోజు మజ్జిగ తాగాడు.

ఆదివారం మనవరాలికి హాస్టల్లో సెలవిచ్చారు. తీసుకురావడానికి ఇద్దరం వెళ్ళాం. తల్లి పోయాక పిల్ల చిక్కిపోయింది. పరుగెత్తుకుంటూ వచ్చి వెనక తలుపు తీసింది. తీసి, అలాగే నిలబడింది.

"ఎక్కవే, వెనక ఆటోలు ఆగాయి" అన్నాను.

ఎక్కింది. సీటు చేత్తో తడిమింది. "అమ్మమ్మా, సీట్లు మార్చారా?"

"మార్చలేదు. కడిగాం."

"ఎవరు?"

"నేనూ మీ నాన్నా. మిషను చేశాం ఇంట్లో."

"ఎందుకు కడిగారు?"

"కడగక? కంపు కొడుతోందని బేరం పోబోయింది."

అది కుడి పక్కకి జరిగి, ఆ మూలలో ముఖం పెట్టింది. నిద్రొస్తోందేమో అనుకున్నాను. ముక్కు ఆనించి పీలుస్తోంది. కాస్త కిందకి, కాస్త పైకి, సీటు సందులో. భవానీపురం దాటాం, గొల్లపూడి దాటాం.

"ఏమీ లేదమ్మమ్మా" అంది.

"ఏముండాలి?"

"హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా డోరు తియ్యగానే అమ్మ వాసన వచ్చేది. మందులూ, నిమ్మకాయా, తలనూనే, అన్నీ కలిపి. అమ్మ పోయాక కూడా వచ్చేది. పోయినసారి సెలవుల్లో నేను మధ్యాహ్నాలు కారులో పడుకోలేదూ? చదువుకుంటానని?"

చదువుకుంటోందనే అనుకున్నాను. అల్లుడు అద్దంలోంచి వెనక్కి చూశాడు, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. అప్పుడు నేనూ పీల్చాను. కడిగిన గుడ్డ వాసన వచ్చింది. మొట్టమొదటిసారి ఆ కారు నాకు ఎవరిదో కారులా తోచింది. రోజూ అందులోనే ఉన్నాం గనక మాకు ఆ వాసన తెలియలేదు. దూరంగా ఉన్న పిల్లకి తెలిసింది. మేనేజరు కాలు వెనక్కి తీసుకున్నది ఏ వాసనకో, ఇది ముక్కు ఆనించి వెతుకుతున్నదీ ఆ వాసన కోసమే.

పొగగొట్టాలు వచ్చాయి. ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక దాన్ని గదిలోకి పిలిచాను. మా ఇంట్లో తలుపు వెనక ఒక సంచి వేలాడుతుంది. దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టు అందులో వేస్తాను. జుట్టుకి స్టీలు సామానిచ్చే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు ఇచ్చి గిన్నె తీసుకుంటాను. గొట్టంలో వచ్చిన జుట్టు ఆ సంచిలో వెయ్యలేదు. వేరే తెల్ల గుడ్డలో చుట్టి దేవుడి గూటి పక్కన పెట్టాను. తీసి దాని చేతిలో పెట్టాను.

"మీ అమ్మది. సీటులో ఇరుక్కుంటే వచ్చింది."

గుడ్డ విప్పింది. నల్లగా, చిక్కు లేకుండా, మెరుస్తూ ఉంది. ఒక్కొక్క పోగూ నేనే విడదీశాను. అది జుట్టుని రెండు చేతుల్లోకి తీసుకుని ముఖం దగ్గర పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"కుంకుడుకాయ వాసన వస్తోంది. దీన్నీ కడిగేశావా అమ్మమ్మా?"

"మురికిగా ఉందని" అన్నాను.

అది కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని. గుడ్డ మళ్ళీ జాగ్రత్తగా చుట్టి తన పుస్తకాల సంచిలో పెట్టుకుంది. తర్వాత, "ఆ నీళ్ళు ఎక్కడ పోశారు?" అని అడిగింది.

పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాను. ప్రహరీ మూల, కొబ్బరి చెట్టు వెనక. నేల ఎప్పుడో పీల్చేసుకుంది, పైన తెల్లగా కుంకుడు చార మాత్రం ఎండి ఉంది. పిల్ల చెప్పులు విడిచింది. ఆ చారకి ఇవతలే ఆగింది. తొక్కకుండా, చేతులు కట్టుకుని, వంటింట్లోంచి వాళ్ళ నాన్న అన్నానికి పిలిచేదాకా అక్కడే నిలబడింది.